నాలుకలతో అందుకున్న వార్త: మదీనా అపవాదు నుండి మన అరచేతి తెర వరకు

సర్వ స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! పరదా వెనుక కూర్చుని ఆలకిస్తున్న తల్లులారా, చెల్లెళ్లారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ముందుగా మాకు మేము చెప్పుకుని, ఆ తర్వాత మీకూ హితవు చెబుతున్నాము. మనిషి నోట వెలువడే ప్రతి మాటనూ రాసే దూతలు ఇద్దరు అతని వెంట ఉన్నారన్నది మన విశ్వాసం. ఈనాడు మనిషి నోటితో పలికే మాటలకన్నా వేలితో పలికే మాటలు ఎక్కువయ్యాయి. ఆ దూతల లెక్కలో నోటి మాటకూ వేలి మాటకూ తేడా లేదు.

సోషల్ మీడియా ధర్మసమ్మతమా, నిషిద్ధమా అని యువకులు తరచూ మమ్మల్ని అడుగుతారు. ఫేస్‌బుక్ 2004లోనూ, యూట్యూబ్ 2005లోనూ, వాట్సాప్ 2009లోనూ, ఇన్‌స్టాగ్రామ్ 2010లోనూ పుట్టాయి. వీటి వయసు పాతికేళ్లయినా నిండలేదు. అయితే ఇవి మన ముందు పెట్టిన పరీక్షలు మాత్రం కొత్తవి కావు. వదంతిని వినడం, దాన్ని మోయడం, పరుల ఇంట్లోకి తొంగిచూడటం, చేసిన పుణ్యాన్ని నలుగురికీ చూపించుకోవడం, అల్లాహ్ కప్పిన పాపాన్ని తామే విప్పుకోవడం అనే ఈ అయిదు రోగాలకూ దివ్య ఖుర్ఆన్, ప్రవక్త (స) సంప్రదాయం పద్నాలుగు వందల ఏళ్ల నాడే చికిత్స చెప్పాయి. ఆ చికిత్స పుస్తకాల్లో మాత్రమే మిగిలిన సిద్ధాంతం కాదు. మదీనా వీధుల్లో, అదీ స్వయంగా దైవప్రవక్త (స) ఇంట్లో, కన్నీళ్ల మధ్య జరిగిన చరిత్ర. నేడు ఆ చరిత్రను మీ ముందు ఉంచుతాము.

ఒక హారం, ఒక నెల రోజుల వేదన

బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుండి ముస్లిం సైన్యం మదీనాకు తిరిగి వస్తున్నది. అది హిజ్రీ 5వ సంవత్సరమని కొందరు చరిత్రకారులు, 6వ సంవత్సరమని మరికొందరు రాశారు. ఆ ప్రయాణంలోనే ఒక నీటి మడుగు దగ్గర ముహాజిర్ ఒకరికీ అన్సారీ ఒకరికీ తగాదా వచ్చింది. కపట విశ్వాసుల నాయకుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉబై దాన్ని అదనుగా తీసుకుని మదీనా చేరగానే గౌరవనీయులు అల్పులను వెళ్లగొడతారంటూ విషం చిమ్మాడు. ఆ మాట శిబిరమంతా పాకకుండా ప్రవక్త (స) ఏం చేశారో సీరా గ్రంథాలు చెబుతున్నాయి. సైన్యాన్ని వెంటనే బయలుదేరదీసి పగలూ రాత్రీ నడిపించారు. చివరికి ఆగినప్పుడు జనం నేలకు ఒరిగీ ఒరగకముందే నిద్రపోయారు. పని లేని నోళ్లలోనే వదంతి పెరుగుతుందన్న గొప్ప పాఠం అందులో ఉంది.

అదే తిరుగు ప్రయాణంలో విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) వారి హారం జారిపోయింది. అది యెమన్ దేశపు పూసల హారం. కాలకృత్యాలకు వెళ్లి వచ్చిన ఆమె మెడ తడుముకుని, హారం లేదని గ్రహించి వెదకడానికి వెనక్కి వెళ్లారు. ఈలోగా అంబారీని మోసేవారు ఆమె లోపలే ఉన్నారనుకుని దాన్ని ఒంటెపైకి ఎత్తి కట్టారు. ఆనాటి స్త్రీలు మితాహారులు, సన్ననివారు. పైగా ఆమె పిన్న వయస్కురాలు. బరువులో తేడా వారికి తెలియలేదు. ఆమె తిరిగివచ్చేసరికి శిబిరంలో పిలిచేవారూ లేరు, పలికేవారూ లేరు. తాను లేనని తెలిశాక వెదుక్కుంటూ వస్తారన్న నమ్మకంతో ఉన్నచోటనే కూర్చుని నిద్రలోకి జారుకున్నారు.

సైన్యం వెనుక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను చూసి, ఆపదలో పలికే దైవస్మరణ వాక్యాన్ని పలికారు. ఆ స్వరానికి మేలుకున్న ఆమె తన పైవస్త్రంతో ముఖం కప్పుకున్నారు. ఆయన మరో మాట మాట్లాడలేదు. ఒంటెను మోకరింపజేసి, ఆమె ఎక్కిన తర్వాత ముకుతాడు పట్టుకుని ముందు నడిచారు. మిట్టమధ్యాహ్నం సైన్యం విశ్రమించి ఉండగా ఇద్దరూ అందరి ఎదుటనే వచ్చి చేరారు. జరిగింది ఇంతే. ఇక్కడ రహస్యం గానీ, దోషం గానీ ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక పురుషుని మర్యాద, ఒక స్త్రీ లజ్జ.

కానీ అబ్దుల్లాహ్ బిన్ ఉబైకి అంతే చాలింది. అతని పద్ధతిని హజ్రత్ ఉర్వా (రహ్మ) వర్ణించిన తీరు గమనించదగినది. అతని సమక్షంలో ఆ మాట చెప్పుకునేవారు, అతను కాదనేవాడు కాదు, చెవి ఒగ్గి వినేవాడు, ఇంకా చెప్పించేవాడు. సోదరులారా, ఈనాటి వాట్సాప్ గ్రూపులను ఒకసారి మనసులో ఉంచుకుని ఈ వర్ణనను మరల తలచుకోండి. తాను ఒక్క ముక్క రాయకుండానే, తన గ్రూపులో పరుల పరువు తీస్తుంటే చూస్తూ ఊరుకునే అడ్మిన్ ఎవరి అడుగుజాడల్లో నడుస్తున్నాడు?

ప్రయాణం తర్వాత ఆయిషా (రజి) నెల రోజులు జబ్బుపడ్డారు. ఊరంతా గుసగుసలాడుతున్నది గానీ ఎవరి గురించి ఆ గుసగుసలో ఆమెకే తెలియదు. ప్రవక్త (స) వారి పలకరింపులో మునుపటి ఆప్యాయత లేదని మాత్రం గ్రహించారు. ఒక రాత్రి ఉమ్మె మిస్తహ్ (రజి) తన దుస్తులు కాలికి చిక్కి తూలి, సొంత కొడుకును శపించారు. బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తిని అలా అనవచ్చునా అని ఆయిషా (రజి) వారించగా, అప్పుడు ఆ తల్లి తన కొడుకు కూడా పలుకుతున్న అపవాదును ఆమెకు వినిపించారు. అపవాదుకు గురైన వ్యక్తికి ఆ అపవాదు చివర తెలుస్తుంది. ఆనాడూ అంతే, ఈనాడూ అంతే.

ఆమె అనుమతి తీసుకుని పుట్టింటికి వెళ్లారు. రెండు రాత్రులూ ఒక పగలూ కన్నీరు ఆగలేదు, నిద్ర రాలేదు. ఏడుపుతో తన కాలేజం పగిలిపోతుందేమోనని తల్లిదండ్రులు భయపడ్డారని ఆమే తర్వాత చెప్పారు. అప్పుడు ఒక అన్సారీ స్త్రీ అనుమతి అడిగి లోపలికి వచ్చారు. ఆమె ప్రశ్నలు అడగలేదు, సలహాలు ఇవ్వలేదు, ఏం జరిగిందో చెప్పమనలేదు. పక్కన కూర్చుని తానూ ఏడ్చారు. ఆ స్త్రీ పేరు ఆ కథనంలో లేదు. అయినా మాట పడిన ఆడబిడ్డ పట్ల ఎలా మెలగాలో ఉమ్మత్‌కు నేర్పిన గురువు ఆమె.

నాలుక పరీక్షకు నిలిచినవారు

ఆ నెల రోజుల్లో మదీనా సమాజం మూడు తెగలుగా చీలింది. దురుద్దేశంతో మాటను పుట్టించినవారు కొందరు. దురుద్దేశం లేకపోయినా నోరు అదుపులో పెట్టుకోలేక మోసినవారు కొందరు. హజ్రత్ మిస్తహ్, హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్, హజ్రత్ హమ్నా బిన్తె జహష్ (రజి) వీరిలోనివారే. మూడో తెగ నాలుకను కాపాడుకున్నవారు.

హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో జరిగిన సంభాషణ చూడండి. జనం అంటున్నది విన్నారా అని భార్య అడిగారు. విన్నాను, అది అబద్ధం అన్నారాయన. తర్వాత, నువ్వైతే అలాంటి పని చేస్తావా అని భార్యను అడిగారు. అల్లాహ్ సాక్షిగా చేయను అన్నారామె. అయితే ఆయిషా నీకన్నా ఉత్తమురాలు కదా అన్నారాయన. విన్న మాటను తమ ఇంటి తూకంలో వేసుకుని చూశారు. అంతటితో ఆ వదంతి వారి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) సంగతి ఇంకా గొప్పది. ప్రవక్త (స) సతీమణులలో ఆయిషా (రజి)తో సమానంగా నిలిచే స్థానం ఆమెది. సొంత చెల్లెలు హమ్నా అక్క పక్షాన అన్నట్లు ఆ మాటను మోస్తున్నది. అలాంటి స్థితిలో ప్రవక్త (స) అభిప్రాయం అడిగితే, తన చెవినీ కంటినీ తాను కాపాడుకుంటాననీ, ఆయిషాలో మంచి తప్ప మరేదీ ఎరుగననీ జైనబ్ (రజి) చెప్పారు. ఆమె దైవభీతియే ఆమెను కాపాడిందని ఆయిషా (రజి) జీవితాంతం చెప్పుకున్నారు. మనకు గిట్టనివారి గురించి చెడ్డ వార్త వచ్చినప్పుడు మన వేలు ఏం చేస్తుందో, అదే మన ఈమాన్‌కు నిజమైన కొలత.

చివరికి వహీ అవతరించింది. తన నిర్దోషిత్వం అల్లాహ్ తన ప్రవక్తకు కలలోనైనా చూపిస్తాడని ఆశించాననీ, నమాజుల్లో పఠించే ఖుర్ఆన్ వాక్యాలు తన విషయంలో దిగివస్తాయనుకోలేదనీ ఆయిషా (రజి) అన్నారు. సూరా నూర్‌లోని ఆ వాక్యాలు నేటికీ ప్రతి మస్జిదులో పఠించబడుతున్నాయి. అపవాదును పలికిన ఆ ముగ్గురికీ ఎనభై కొరడా దెబ్బల శిక్ష అమలైంది. ప్రవక్త (స) కవి అన్న గౌరవం గానీ, బద్ర్ వీరుడన్న ఘనత గానీ శిక్షను ఆపలేదు. శిక్షతో పాటు క్షమాపణ కూడా ఈ చరిత్రలో భాగమే. మిస్తహ్ (రజి)కు ఇస్తున్న సాయం ఇక ఇవ్వనని ప్రమాణం చేసిన హజ్రత్ అబూబకర్ (రజి), అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీరు కోరుకోరా అన్న భావం గల వాక్యం దిగగానే ఆ సాయాన్ని పునరుద్ధరించారు. తర్వాతి కాలంలో ఎవరైనా హస్సాన్ (రజి)ను దూషిస్తే ఆయిషా (రజి) స్వయంగా వారించేవారు.

ఒకే సూరాలో మూడు మెట్లు

సూరా నూర్ క్రమాన్ని గమనించండి. 11 నుండి 20 వరకు గల వాక్యాలు అపవాదు గురించి. 27 నుండి 29 వరకు పరుల ఇంట్లో ప్రవేశించడానికి అనుమతి గురించి. 30, 31 వాక్యాలు చూపును దించుకోవడం, లజ్జాస్థానాలను, అలంకారాన్ని కాపాడుకోవడం గురించి. మాట, ఇల్లు, చూపు అనే ఈ మూడూ ఒకే గొలుసులోని కడియాలు. ఒకటి తెగితే మిగిలినవి నిలవవు.

మొదటి మెట్టు మాట. 15వ వాక్యంలో అల్లాహ్ ఒక విచిత్రమైన పదప్రయోగం చేశాడు. మీరు ఆ వార్తను మీ నాలుకలతో అందుకున్నారు అన్న భావం అందులో ఉంది. వార్తను అందుకోవలసింది చెవి కదా! విన్నది మనసుకు చేరి, బుద్ధి తూకం వేసి, ఆ తర్వాత నోటికి రావాలి. కానీ ఆనాడు ఆ మాట చెవినీ మనసునూ దాటవేసి, ఒకరి నాలుక నుండి నేరుగా మరొకరి నాలుకకు దూకింది. పూర్తిగా చదవకుండానే, చివరి వరకు చూడకుండానే ఇతరులకు పంపే ఫార్వర్డుకు ఇంతకన్నా సరైన వర్ణన ఉంటుందా? మనం దాన్ని తేలికైన విషయంగా భావిస్తాము, అల్లాహ్ దృష్టిలో అది చాలా పెద్దదని అదే వాక్యం హెచ్చరిస్తున్నది.

రెండవ మెట్టు ఇల్లు. అనుమతి లేకుండా పరుల ఇంట్లో అడుగు పెట్టరాదు. తిరిగి వెళ్లిపొమ్మంటే నొచ్చుకోకుండా తిరిగి వెళ్లాలి. ఆనాటి గుమ్మాలకు తెరలు ఉండేవి కావు గనుక ప్రవక్త (స) ఎవరి ఇంటికి వెళ్లినా గుమ్మానికి ఎదురుగా నిలబడక కుడివైపుకో ఎడమవైపుకో నిలబడేవారు. ఒకసారి ఒక వ్యక్తి ఆయన గదిలోకి రంధ్రం గుండా తొంగిచూశాడు. ప్రవక్త (స) చేతిలో తల గోక్కునే పుల్ల ఉంది. నీవు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కన్ను పొడిచేవాడినని హెచ్చరించి, అనుమతి అడగాలన్న నియమం వచ్చిందే చూపు కారణంగా అని బోధించారు. ఆ రంధ్రం ఇప్పుడు మన అరచేతిలో ఉంది. పెళ్లి విందులో పరుల ఆడపడుచుల ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టేవారు, వారి ఇంటి గోడకు రంధ్రం చేసి ఊరందరినీ తొంగిచూడమంటున్నవారు. భార్య పంపిన స్వర సందేశాన్ని స్నేహితులకు వినిపించే భర్త తన ఇంటి గోడకు తానే రంధ్రం చేసుకుంటున్నాడు.

మూడవ మెట్టు చూపు. సోదరులారా, దీన్ని శ్రద్ధగా వినండి. చూపు దించుకోమన్న ఆజ్ఞ ముందుగా 30వ వాక్యంలో పురుషులకు వచ్చింది. స్త్రీలకు ఆ తర్వాతి వాక్యంలో వచ్చింది. కానీ మన ప్రసంగాల్లో, మన ఇళ్లలో ఈ క్రమం తలకిందులవుతున్నది. కూతురి దుపట్టా గురించి గంటసేపు మాట్లాడే తండ్రి, అర్ధరాత్రి కొడుకు చేతిలో ఏ తెర వెలుగుతున్నదో అడగడం లేదు. తన చేతిలోని తెర సంగతి అసలే అడగడం లేదు. హయా అంటే స్త్రీ వస్త్రం ఒక్కటే కాదు. హయా ఈమాన్‌లో భాగమని ప్రవక్త (స) చెప్పినప్పుడు అది ఒక పురుషుని విషయంలో చెప్పినది. తన సోదరుడు అతిగా సిగ్గుపడుతున్నాడని ఒక అన్సారీ మందలిస్తుంటే, అతణ్ణి వదిలెయ్యమన్నారు.

మాటకు సాక్ష్యం అడిగిన ఉమ్మత్

ఈ శిక్షణ పొందిన ఉమ్మత్ ఆ తర్వాత చేసిన పని ప్రపంచ చరిత్రలో అపూర్వం. క్రీ.శ. 656లో హజ్రత్ ఉస్మాన్ (రజి) అమరులైన తర్వాత కల్లోలం చెలరేగింది. వర్గాలు ఏర్పడ్డాయి, ప్రవక్త (స) పేరిట అబద్ధాలు పుట్టాయి. అంతవరకు సనద్ గురించి అడిగేవారు కాదనీ, కల్లోలం తర్వాత మాత్రం మీకు చెప్పినవారి పేర్లు చెప్పండని అడగసాగారనీ ఇమామ్ ఇబ్నె సీరీన్ (రహ్మ) వివరించారు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి వద్ద విన్నారు, ఇద్దరూ నిజంగా కలుసుకున్నారా, జ్ఞాపకశక్తి ఎలాంటిది, నడవడి ఎలాంటిది అని ప్రతి కడియాన్నీ పరీక్షించారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) సుమారు ఆరు లక్షల కథనాల నుండి ఎంచి, 16 ఏళ్లు శ్రమించి కూర్చిన సహీహ్‌లో, పునరుక్తులతో కలిపి ఏడు వేల పైచిలుకు హదీసులే ఉన్నాయి. విన్న ప్రతిదాన్నీ చెప్పేయడమే మనిషి అబద్ధాలకోరు అనడానికి చాలునన్న ప్రవక్త (స) బోధనను ఇమామ్ ముస్లిం (రహ్మ) తన గ్రంథపు ముందుమాటలోనే నిలిపారు.

ఇక్కడ తెలుగు ముస్లింలుగా మనం గర్వించదగిన, సిగ్గుపడదగిన విషయం ఒకటుంది. కథకుల విశ్వసనీయతను నమోదు చేసిన మహా గ్రంథాలు అనేకం మొట్టమొదట అచ్చయినది మన హైదరాబాదులోనే. జామియా నిజామియా స్థాపకులు మౌలానా అన్వారుల్లాహ్ ఫారూఖీ (రహ్మ) తదితరుల కృషితో 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్, ఇబ్నె హజర్ గారి తహ్‌జీబుత్ తహ్‌జీబ్‌ను 12 సంపుటాల్లో ప్రచురించింది. లిసానుల్ మీజాన్, ఇమామ్ బుఖారీ గారి తారీఖె కబీర్, ఇబ్నె అబీ హాతిం గారి అల్ జర్హ్ వత్తఅదీల్ అక్కడి నుండే వెలువడ్డాయి. యెమన్ దేశపు పండితుడు షేఖ్ అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ (రహ్మ) దాదాపు పాతికేళ్లు హైదరాబాదులో ఉండి, చేతిరాత ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి, ఒక్కొక్క పేరునూ సరిచూసి, తర్వాత మక్కా వెళ్లి హరమ్ గ్రంథాలయంలో సేవలందించారు. ఒక్క పేరులో ఒక్క చుక్క తేడా వస్తే కథకుడే మారిపోతాడని రోజుల తరబడి వెదికిన నగరం ఇది. అదే నగరంలో నేడు రాసినవారెవరో తెలియని వార్తను ఒక్క క్షణం ఆలోచించకుండా వంద మందికి పంపుతున్నాము.

ఈ జ్ఞాన చరిత్రలో స్త్రీల స్థానాన్ని కూడా గుర్తుంచుకోవాలి. నెల రోజుల పాటు నాలుకలు గాయపరచిన ఆ ఆయిషా (రజి)యే 2,210 హదీసులను ఉమ్మత్‌కు అందించారు. పెద్ద పెద్ద సహాబాలు పరదా వెలుపల కూర్చుని ఆమెను ప్రశ్నించేవారు. హిజ్రీ 463లో మరణించిన కరీమా మర్వజియ్యా (రహ్మ) మక్కాలో సహీహ్ బుఖారీని పండితులకు బోధించారు. అబద్ధపు కథనాలు కల్పించినట్లు అభియోగం ఎదుర్కొన్న స్త్రీ ఎవరూ తనకు తెలియదని కథకులందరినీ జల్లెడ పట్టిన ఇమామ్ జహబీ (రహ్మ) రాశారు. లజ్జ వీరి విద్యకు అడ్డు రాలేదు. అపవాదు వీరి నోరు మూయలేదు. కనుక ఫోను భయం చూపి ఆడపిల్ల చదువు మానిపించేవారు ఈ చరిత్రకు వ్యతిరేకంగా నడుస్తున్నారు.

మన కాలపు గాయాలు

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వీడియోలు వాట్సాప్‌లో దేశమంతటా వ్యాపించాయి. ఆ జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లిన హైదరాబాదు యువకుడు ఒకరు, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి, మూక దాడిలో ప్రాణం కోల్పోయారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా పరిమితి విధిస్తున్నట్లు ప్రకటించింది. కంపెనీ సంఖ్యకు హద్దు పెట్టగలిగింది. నాలుకకు హద్దు పెట్టగలిగేది తఖ్వా ఒక్కటే. ఆ వీడియోలను పంపిన వేలాది మందిలో ఎవరూ తమను హంతకులనుకోరు. పిల్లల మేలు కోరి పంపామనే అంటారు. సదుద్దేశం అబద్ధాన్ని నిజం చేయదని మిస్తహ్ (రజి) చరిత్ర మనకు చెబుతున్నది.

2021 జులైలోనూ, మరల 2022 జనవరి 1న కూడా, ముస్లిం స్త్రీల ఫొటోలను వారికి తెలియకుండా తీసుకుని వేలం పేరిట యాప్‌లో పెట్టిన దుర్మార్గాన్ని దేశం చూసింది. ఆనాడు మన వాళ్లలోనే కొందరు, ఫొటో పెట్టుకోవడం వాళ్ల తప్పు కాదా అన్నారు. సోదరులారా, సూరా నూర్ ఏం చేసింది? హారం వెదకడానికి ఎందుకు వెళ్లావని ఆయిషా (రజి)ను అడగలేదు. విన్నప్పుడు మీరెందుకు మంచిగా తలపోయలేదని విశ్వాసులను అడిగింది. దోషాన్ని పుట్టించినవాడిపైనా, మోసినవాడిపైనా పెట్టింది. జాగ్రత్తలు బోధించడం వేరు. గాయపడిన బిడ్డను నిందించడం వేరు.

మా వద్దకు వచ్చే కుటుంబాల్లో ఈ గాయం తరచూ కనబడుతున్నది. ఎవరో ఒక ఫొటో పంపారని కుదిరిన సంబంధం తప్పిపోతుంది, నలుగురు సాక్షులు కాదు కదా ఒక్కరినైనా అడిగేవారు ఉండరు. బెదిరించేవాడికి భయపడి ఆడపిల్ల లోలోపల కుమిలిపోతుంది. ఇంట్లో చెబితే తననే కొడతారని ఆమెకు భయం. తల్లిదండ్రులారా, మీ బిడ్డ ముందుగా మీ దగ్గరికే రాగలిగేలా ఉండండి. ఆ అన్సారీ స్త్రీలాగా పక్కన కూర్చోండి. ఆ తర్వాత పోలీసులను ఆశ్రయించండి. 2014 నుండి హైదరాబాదులో పనిచేస్తున్న షీ టీమ్స్ వంటివి ఇందుకోసమే ఉన్నాయి. బ్లాక్‌మెయిల్ చేసేవాణ్ణి దాచడం పరువు కాదు, పాపానికి తోడ్పాటు. పీడకుడి గురించి న్యాయం చేయగలవారికి ఫిర్యాదు చేయడం గీబత్ కిందికి రాదని మన ఫుఖహాలు స్పష్టం చేశారు.

ఇక ఆరాధనల సంగతి. 2009లో ఫేస్‌బుక్ లైక్ బటన్‌ను ప్రవేశపెట్టింది. మెప్పును అంకెలుగా లెక్కపెట్టి చూపించే తూకం మనిషి చేతికి వచ్చింది. ప్రళయదినాన మొట్టమొదట తీర్పు పొందే ముగ్గురి గురించి ప్రవక్త (స) హెచ్చరించారు. ప్రాణమిచ్చిన యోధుడు, ఖుర్ఆన్ నేర్చి నేర్పిన పండితుడు, ధనమిచ్చిన దాత. ముగ్గురూ జనం మెప్పు కోసమే చేశారు, ఆ మెప్పు లోకంలోనే దొరికిందని చెప్పి వారిని నరకంలో పడవేయడం జరుగుతుంది. కఅబా ఎదుట దుఆ కోసం ఎత్తవలసిన చేయి కెమెరాను ఎత్తుతున్నప్పుడు, రంజాన్ కిట్టు అందుకునే పేదరాలి ముఖాన్ని ఫొటో తీస్తున్నప్పుడు, ఈ ముగ్గురినీ తలచుకోవాలి. కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియనంత గుట్టుగా దానం చేసినవారికి అర్ష్ నీడ వాగ్దానం ఉన్నది. దీనికి మరో వైపున, రాత్రి చేసిన పాపాన్ని అల్లాహ్ కప్పివేస్తే, తెల్లవారి తానే చాటుకునేవాడికి క్షమాపణ దూరమని ప్రవక్త (స) చెప్పారు. పాపాన్ని వీడియోగా తీసి పెట్టడం అల్లాహ్ కప్పిన దుప్పటిని తామే లాగివేయడం.

ఆచరణ

సాధనాన్ని మేము నిందించడం లేదు. గల్ఫ్‌లో శ్రమిస్తున్న తండ్రి తన బిడ్డ ముఖాన్ని రోజూ చూడగలుగుతున్నాడు. మదర్సా లేని పల్లెలో ఒక తల్లి ఫోను ద్వారానే తజ్వీద్ నేర్చుకుంటున్నది. అచ్చు యంత్రం వచ్చినప్పుడూ, లౌడ్ స్పీకరు వచ్చినప్పుడూ ఉలమా సుదీర్ఘంగా చర్చించి, చివరికి మేలుకు వాడే మార్గాన్ని చూపారు. హైదరాబాదు దాయిరా అచ్చు యంత్రాన్ని సత్యానికి సేవకునిగా మార్చింది. ఫోనును కూడా అలా మార్చవలసిన బాధ్యత మనదే.

కనుక నాలుగు మాటలు ఇంటికి తీసుకువెళ్లండి. మొదటిది, వార్త వస్తే సనద్ అడగండి: ఎవరు చెప్పారు, వారికెలా తెలుసు? జవాబు లేకపోతే అది మీ ఫోనులోనే ఆగిపోవాలి. హదీసు పేరిట వచ్చినదైతే ఆలిముకు చూపించకుండా అసలే పంపకండి. రెండవది, ఒకరి పరువుకు సంబంధించినదైతే, అది నిజమైనా సరే పంపకండి. నిజమైతే గీబత్, అబద్ధమైతే బుహ్తాన్. మూడవది, పరుల ఫొటోకు అనుమతి గుమ్మం దగ్గర అడిగే అనుమతి వంటిది. వద్దంటే నొచ్చుకోకుండా వెనక్కి తగ్గండి. నాలుగవది, ఇషా తర్వాత ఇంట్లోని ఫోనులన్నీ ఒకచోట పెట్టండి. ఆ నియమం ముందుగా తండ్రికి వర్తించాలి. ఇంతకు ముందు పంపినదానికి తౌబా మార్గం కూడా ఉన్నది: తొలగించండి, ఎవరెవరికి పంపారో వారికి అది తప్పని తెలియజేయండి, హక్కు పోగొట్టుకున్నవారిని క్షమాపణ కోరండి. మిస్తహ్ (రజి)కు తలుపు మూయని అల్లాహ్ మనకూ మూయడు.

ఓ అల్లాహ్! మా నాలుకలను అబద్ధం నుండి, మా కళ్లను ద్రోహం నుండి, మా ఆచరణలను ప్రదర్శనా బుద్ధి నుండి పరిశుద్ధం చేయి. నిందలకు గురైన మా బిడ్డలకు నీవే సాక్షివి. వారి నిర్దోషిత్వాన్ని వెల్లడి చేయి. మా లోపాలను ఇహలోకంలోనూ పరలోకంలోనూ కప్పి ఉంచు. మా యువతకు హయాను ఆభరణంగా, జ్ఞానాన్ని ఆయుధంగా ప్రసాదించు. మా దేశంలో శాంతినీ, మా ఇరుగుపొరుగులో నమ్మకాన్నీ నిలుపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!